కొక్కెం మీద గీత

ముని వచ్చేసరికి పళ్ళ డాక్టరమ్మ వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, ఒక రాతి సందులో ఇరుక్కున్న బంకమట్టిని పంటి సూదితో గీకి తీస్తోంది. ఆదివారం గనక ముందు గదిలో రోగులు లేరు. అతను చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎదుటి స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి తువ్వాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు.

ముని అన్నది అసలు పేరు కాదు. అతను ఆమెకు పెదనాన్న కొడుకు. చిన్నప్పటి నుంచీ మాట పొదుపు. నలుగురూ చేరి కబుర్లు చెప్పుకుంటుంటే ఒక పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఎవరో ముని అన్నారు, అదే ఉండిపోయింది. ఇప్పుడు అతని షెడ్డు మీద బోర్డులో కూడా ఆ పేరే ఉంది. విరిగిన రాళ్ళను అతికించడం అతని పని. బీటలు వారిన పాలరాతి గచ్చులు, పగిలిన వంటగట్టు పలకలు, పెచ్చులూడిన మెట్ల అంచులు అతని దగ్గరికి వస్తాయి. రాతి పొడిలో రంగూ జిగురూ కలిపి నింపి, అరగదీసి, పాలిష్ పెట్టాడంటే బీట ఎక్కడుండేదో ఆ ఇంటివాళ్ళే వెతుక్కోవాలి.

తువ్వాలు విప్పగానే డాక్టరమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

లోపల ఉన్నది అమ్మోనైట్. ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది పొట్టేలు కొమ్ములా చుట్ట చుట్టుకున్న రాయి. ఎప్పుడో సముద్రంలో బతికిన జీవి గుల్ల అది. చూడ్డానికి నత్తలా ఉన్నా ఆ జీవికి చుట్టరికం ఆక్టోపస్‌తో. అలా పద్ధతిగా చుట్టుకున్నవాటిని డాక్టరమ్మ ఏరదు. చుట్టుకోవడం మానేసి తలతిక్కగా పెరిగిన రకాలు కొన్ని ఉన్నాయి. గేలం కొక్కెంలా వంగినవి, కాగితాలకు పెట్టే క్లిప్పులా మడతపడినవి, స్క్రూలా మెలితిరిగినవి, దారపుండ చిక్కుపడ్డట్టు తమ చుట్టూ తామే ముడిపడినవి. ఆమె గాజు బీరువాలో అవి తప్ప ఇంకేమీ లేవు. "రోజంతా జనం వంకర పళ్ళు సరిచేసి, ఆ లోటు తీర్చుకోడానికి ఇంట్లోకి వంకర రాళ్ళు తెచ్చుకుంటుంది మా ఆవిడ" అని ఆమె భర్త వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

తువ్వాల్లో ఉన్నది అరచేయంత పొడుగు, బొటనవేలంత మందం. నిటారు కాడ, చివర కొక్కెం. కాడ మీద దువ్వెన పళ్ళలా సన్నటి గాడులు. కొక్కెం వంపు తిరిగే చోట గొట్టం చుట్టూ మెట్టులాంటి ఒక గీత. ఆ గీత దాటాక గాడులు ముతకగా, ఏటవాలుగా ఉన్నాయి. పైగా కొక్కెం తిన్నగా వంగకుండా, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు పక్కకి తిరిగింది. అలాంటిది ఆమె ఏ పుస్తకంలోనూ చూడలేదు.

"ఎక్కడిది అన్నయ్యా?"

"వాగులో దొరికింది."

"మనం వెళ్ళే వాగేనా?"

"ఆఁ, అదే. పొద్దున్నే వెళ్ళాను. వంతెన దాటాక రెండో మలుపు లేదూ, అక్కడ. నీళ్ళు తక్కువున్నాయి. ఒక నల్ల కుక్క వెంటపడింది. అదిలిద్దామని రాయి కోసం వంగితే చేతికిదే వచ్చింది. ఇంకా నయం, విసిరేశాను కాదు. కుక్క కూడా మంచిదే. తర్వాత తోకాడించుకుంటూ వంతెన దాకా వచ్చింది."

ఆమె నవ్వి, రాతిని చేతిలోకి తీసుకుంది. అతను కాసేపు గోళ్ళలో ఇరుక్కున్న తెల్లపొడి చూసుకుంటూ కూర్చుని, "నీ రాళ్ళు చూడ్డానికి మ్యూజియం ఆవిడ వస్తుందన్నావుగా. దీన్నీ చూపించు" అన్నాడు.

"చూపించకుండా ఉంటానా! ముందు దీన్నే చూపిస్తాను."

"అక్కడ కింద చీటీ పెడతారుగా. ఎవరికి దొరికిందో కూడా రాస్తారా?"

"రాస్తారు."

వెళ్ళేటప్పుడు ముని మొహం కొత్త చొక్కా వేసుకున్నవాడి మొహంలా ఉంది.

ఆమె భర్త కోర్టులో స్టెనో. సాక్షులు చెప్పేది చెప్పినట్టు రాసుకోవడమే ఉద్యోగం గనక ఇంట్లో కూడా ఎవరు ఏ మాట ఎలా అన్నారో అతని చెవిలో పడిపోతుంది. సాయంత్రం టీ తాగుతూ అన్నాడు.

"ఇవాళ మీ అన్న ఎన్ని మాటలాడాడో చూశావా?"

"సంతోషంగా ఉన్నాడు పాపం."

"సంతోషమొస్తే మీ అన్న ఇంకా తక్కువ మాట్లాడతాడు. తన పెళ్ళినాడు అతను అన్న మాటలు వేళ్ళ మీద లెక్కెట్టచ్చు. నేను రోజూ వినేదేగా, నిజం చెప్పేవాడు 'తెలీదండి, గుర్తులేదండి' అంటాడు. అబద్ధం చెప్పేవాడి కథలోనే కుక్క రంగు కూడా ఉంటుంది."

"మీకు లోకమంతా బోనెక్కినట్టే కనిపిస్తుంది" అని ఆమె కసురుకుంది. కసురుకుంది గానీ, కప్పులు కడిగి తిన్నగా వెనక గదికే వెళ్ళి, దీపం దగ్గరకు లాగి, భూతద్దం కింద ఆ రాతిని పెట్టింది.

గాడుల మధ్య ఇసుక ఉంది. పసుపుపచ్చటి గరుకు ఇసుక. వాగులో మట్టి బూడిదరంగు బంకమట్టి. గోళ్ళలో దూరితే రెండ్రోజులు పోదు. దాని జాడ ఈ రాతి మీద రవ్వంత కూడా లేదు. కడిగేశాడేమో అనుకుంది. బంకమట్టిని వదలగొట్టేలా కడిగితే ఈ ఇసుక ఎలా మిగులుతుంది? భూతద్దాన్ని గీత దగ్గరికి జరిపింది. గీతకు ఇటు ఒక తీరు, అటు ఒక తీరు. రెండు వేరువేరు జీవుల ముక్కలు తెచ్చి కలిపితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. అలా కలిపి గీత కనపడకుండా చేయగల చేయి ఈ ఊళ్ళో ఒక్కటే. ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి ఆమెకే సిగ్గేసింది. రాతిని దూదిలో పెట్టి సొరుగు మూసేసింది.

మూస్తే మాత్రం అది ఊరుకుంటుందా? మర్నాటి నుంచి రోగుల నోళ్ళలో చూస్తున్నా అదే. ఒకాయన ముందు పంటికి వేసిన తొడుగు చూసి, "ఇది ఎవరు వేశారండీ? అంచు తెలియనివ్వలేదే" అంది. ఆయన మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు. ఆమె మాత్రం అంచు తెలియని పనులన్నింటి మీదా కోపంగా ఉంది.

వారం మధ్యలో వదిన ఫోన్ చేసింది. ముని భార్య. డాక్టరమ్మ అంటే ఇష్టమే గానీ ఆ రాళ్ళంటే పడదు. క్షేమ సమాచారాలయ్యాక గొంతు కాస్త తగ్గించింది.

"డాక్టరమ్మా, మొన్న ఆదివారం మీ అన్న మీ ఇంట్లోనే భోంచేశాడు కదూ?"

ఆ ఆదివారం ముని వచ్చింది మధ్యాహ్నం దాటాక. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. డాక్టరమ్మ నోరు జారిపోయింది.

"అవును వదినా."

"అంతకు ముందు ఆదివారమూ?"

"...ఆఁ. వచ్చాడు."

"సరేలే. పొద్దున్నే వెళ్ళిపోతున్నాడు, అడిగితే చెల్లి ఇంటికంటాడు. చెప్పేది తిన్నగా చెప్పడు, మొహం చాటేస్తాడు. నీ దగ్గరికే అయితే నాకు దిగుల్లేదు."

ఫోన్ పెట్టేశాక డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. అంతకు ముందు ఆదివారం అతను ఈ గుమ్మం తొక్కనే లేదు. ఎందుకు అవునన్నానా అని తనను తానే తిట్టుకుంది. చిన్నప్పుడు పెదనాన్న బెత్తం పట్టుకుని అడిగినప్పుడు కూడా ఇలాగే, ఆలోచించకుండా అన్నయ్య పక్కనే అబద్ధమాడేది. అప్పుడు అతను ఏం చేశాడో తెలిసి ఆడేది. ఇప్పుడు తెలియకుండా ఆడింది.

భర్తకు చెబితే అతను ఒకటే అన్నాడు. "ఒక అబద్ధం దొరికిందంటే పక్కనే ఇంకోటి ఉంటుంది."

శనివారం పెందలాడే క్లినిక్ మూసి ఆమె ముని షెడ్డుకు వెళ్ళింది. ఏదో ఒక వంక కావాలి గనక వాష్‌బేసిన్ పలక మూల విరిగిన పెచ్చు కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళింది. షెడ్డులో అతను లేడు. నీళ్ళు పోస్తూ రాయి అరగదీసే మిషన్ కింద తెల్లటి బురద పేరుకుని ఉంది. గోడ పొడుగునా గాజు సీసాల్లో రాతి పొడులు వరసగా తెలుపు, పొగరంగు, ఇటుకరంగు, తేనెరంగు. జిగురు డబ్బాల మూతలు గట్టకట్టి ఉన్నాయి. ఎండపొడ పడే కిటికీ గట్టు మీద రేకు పళ్ళెం. పళ్ళెంలో కొక్కెం ముక్కలు. విరిగిన వంపులు, కాడల తునకలు. అన్నింటి మీదా ముతక గాడులు, ఏటవాలుగా. అన్నింటికీ అంటుకుని పసుపు ఇసుక.

ఆమె ఒక ముక్క చేతిలోకి తీసుకోబోతుంటే వెనక నుంచి ముని వచ్చాడు.

"ఏంటి, ఇలా వచ్చావు?"

"బేసిన్ పెచ్చు ఊడింది. చూపిద్దామని." ఆమె కాగితం పొట్లం చూపించింది. "ఈ ముక్కలేంటి అన్నయ్యా?"

"అవా? ఏం లేదు. చెత్త."

అని, ఏమీ ఎరగనట్టు పక్కనున్న గోనెసంచి లాగి పళ్ళెం మీద కప్పేశాడు. తర్వాత పెచ్చును వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "సోమవారం వచ్చి అతికిస్తాను. తెలియదులే" అన్నాడు.

తెలియదులే. ఆ మాట దారంతా ఆమె చెవిలో గింగిర్లాడింది. ఇంకేం కావాలి? ముక్కలు అక్కడున్నాయి, జిగురు అక్కడుంది, చేయి అక్కడుంది. పాపం, డబ్బుకోసం చేసే మనిషి కాదు. మ్యూజియంలో చీటీ మీద పేరు చూసుకోవాలని ఆశ. అందుకని చెల్లెల్ని ముందు పెట్టుకుని నాటకమాడతాడా? రేపు ఆ మ్యూజియం ఆవిడ నవ్వితే తను మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇంతకాలం ఏరినవన్నీ కూడా నకిలీలే అనుకోదూ? ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. బీరువాలో అతను తెచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. వాటి సంగతేమిటి? ఇంటికెళ్ళి బీరువా ముందు నిలబడింది. ముడిపడినది, మడతపడినది, స్క్రూలా తిరిగినది, అన్నీ తనను చూసి నోరు మూసుకున్నట్టు అనిపించాయి.

సోమవారం ముని వచ్చి బేసిన్ పెచ్చు అతికించి వెళ్ళాడు. నిజంగానే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం రావలసిన ఇద్దరు రోగులు రాలేదు. డాక్టరమ్మ తలుపు గడియ పెట్టి, సొరుగులోంచి ఆ రాతిని తెచ్చి రోగుల కుర్చీ పక్కన ట్రేలో పెట్టింది. ముందు దూదిని స్పిరిట్‌లో ముంచి గీత మీద రుద్దింది. ఏమీ రాలేదు. కొన్ని జిగుర్లు అలా రావు, ఆ సంగతి ఆమెకు తెలుసు. పంటిలో నింపిన మందును గట్టిపరిచే నీలం దీపం తీసి, కళ్ళకు నారింజరంగు అద్దం అడ్డుపెట్టుకుని వెలిగించింది. ఆ వెలుగులో జిగుర్లు మెరుస్తాయి. గీత పొడుగునా పాలిపోయిన మెరుపు కనపడింది.

"దొరికావు" అంది పైకే.

అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ అన్నయ్య కాదన్నప్పుడు చూపించడానికి సాక్ష్యం కావాలనిపించింది. గీత మీదుగా నిలువునా చిన్న గాటు పెడితే లోపల జిగురు తెల్లగా బయటపడుతుంది. అంతే, చిన్న గాటు. వజ్రపు పొడి అద్దిన పల్చటి చక్రాన్ని డ్రిల్లుకు బిగించింది. ఏళ్ళ తరబడి పంటిని పలచగా కోసిన చేయి అది. రాయి సన్నగా కీచుమంది. ముక్కుకు తడి పొడి వాసన తగిలింది. గాటు గీతను దాటుతుండగా చక్రం లోపలెక్కడో బిగుసుకుంది. చేతిలో టక్కుమని చిన్న చప్పుడు.

రాయి మూడు ముక్కలైంది.

గీత దగ్గర విరగలేదు. గీతకు అటూ ఇటూ, మంచి రాయి ఉన్న చోట విరిగింది. విరిగిన మొహాలనూ గాటు లోపలి భాగాన్నీ కడిగి భూతద్దం కింద పెట్టింది. జిగురు లేదు. ఎంత వెతికినా లేదు. కాడ పెంకు గీత దగ్గర ఎప్పుడో ఎగుడుదిగుడుగా విరిగి ఉంది. ఆ విరిగిన అంచు కిందనుంచి, లోపలి వైపు నుంచి, కొత్త పెంకు పొర మొదలై అంచును ఆనుకుని పైకొచ్చి ముతక గాడులుగా సాగింది. గొట్టం అంచున గుల్ల పొడుగునా వెళ్ళే సన్నటి నాళం గీతకు ఇవతల నుంచి అవతలికి ఎక్కడా తెగకుండా వెళ్ళింది. రెండు జీవుల ముక్కలైతే ఆ నాళం కలవదు. ఏ మనిషీ కలపలేడు.

ఆమెకు అది కొత్త కాదు. దెబ్బ తిన్న పన్ను లోపలినుంచి కొత్త పొర పోసుకుని నరాన్ని కాపాడుకోవడం ఆమె రోజూ చూసేదే. ఈ జీవిని బతికున్నప్పుడే ఏదో కొరికింది. ఇది చావలేదు. విరిగిన చోటినుంచి మళ్ళీ కట్టుకుంది, వంకరగా కట్టుకుంది, అలాగే పెరిగింది.

ఆమె నీలం దీపం తీసుకుని బీరువా దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క రాతి మీదా వేసింది. తను స్వయంగా మట్టిలోంచి తవ్వి తీసినవి కూడా సందుల్లో అలాగే పాలిపోయి మెరిశాయి. రాతిలో పేరుకున్న సున్నపు మెరుపు అది. వేరే రాళ్ళ మీద కూడా ఒకసారి వేసి చూడాలని ఆమెకు ముందే తట్టలేదు. చూసి ఉంటే ఆ దీపాన్ని నమ్మేది కాదు, అందుకే తట్టలేదేమో.

చెప్పకుండా ఉండవచ్చు. కింద పడిందనవచ్చు. భర్తను అడగకుండానే, పంటి అచ్చులు పెట్టే డబ్బాలో దూది పరిచి మూడు ముక్కలూ పెట్టుకుని ఆ సాయంత్రమే ముని ఇంటికి వెళ్ళింది.

వదిన తలుపు తీసింది. ముని అప్పుడే పనినుంచి వచ్చి కుళాయి దగ్గర మోచేతుల దాకా రాతి పొడి కడుక్కుంటున్నాడు. డబ్బా మూత తీసి చూపిస్తే తడిచేతులతోనే వంగి చూశాడు.

"కింద పడిందా?"

"లేదన్నయ్యా. నేనే కోశాను."

"ఎందుకు?"

"నువ్వు అతికించావనుకున్నాను."

అతను నిటారుగా లేచాడు. చేతులమీంచి నీళ్ళు గచ్చు మీద కారుతున్నాయి.

"నేనా? అతికించి, నీకిస్తానా?"

"ఏమతికించాడు? దేని సంగతి?" అంది వదిన.

డాక్టరమ్మ ఏడుపు ఆపుకోబోతే అది కోపంగా మారింది. "మరి వాగులో దొరికిందని ఎందుకన్నావు? వాగులో ఆ ఇసుక లేదు. నల్ల కుక్క, తోకాడించడం, ఆ కథంతా ఎందుకు? షెడ్డులో ముక్కల మీద సంచి ఎందుకు కప్పావు? నువ్వు చెప్పినదాంట్లో ఒక్క మాటన్నా నిజముంటే నేను దాన్ని కోసేదాన్నా?"

ముని చూపు భార్య మీదికి వెళ్ళి వెనక్కొచ్చింది. ఆ చూపు వదిన పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఆదివారం ఈయన మీ ఇంట్లో భోంచేశాడా లేదా?"

"లేదు వదినా. నేను అబద్ధం చెప్పాను."

"మరి ఎక్కడికి వెళ్తున్నావయ్యా?"

"చరియకి" అన్నాడు ముని.

"ఏ చరియకి?"

"సొరంగం పైన."

పోయిన వానాకాలం అతను జారిపడ్డ చోటు అది. పాత రైలు సొరంగం పైన కొండ విరిగిపడి కొత్త రాయి బయటపడిందని విని ఒక్కడే వెళ్ళాడు. కాలి కింద మట్టి కదిలి కిందదాకా దొర్లితే భుజం ఎముక విరిగింది. పట్టాలు చూసుకునే మనిషి కేక విని రాకపోతే ఏమయ్యేదో. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి భార్య తన మీద ఒట్టేయించుకుంది, మళ్ళీ ఆ వైపు చూడనని. డాక్టరమ్మ ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు. ఆ కొండ ఇసుక ఏ రంగో ఆమెకు తెలిసే దారి లేదు.

"నీకు చెబితే మీ వదినకి తెలుస్తుంది" అన్నాడు ముని చెల్లెలితో. "ఆ ముక్కలూ అక్కడివే, వేరే రకానివి. అవి చూసినా పట్టేస్తావు, ఇసుక రంగు చూసి. అందుకని కప్పాను."

వదిన ఒంటికాలి మీద లేచింది.

"ఎవత్తినో చేరదీశావని నాకు నిద్ర లేదు తెలుసా? నీ చొక్కాలు వాసన చూశాను. నీ ఫోను చూశాను. నా మొహం నాకే అసహ్యమేసింది. ఇంతకన్నా నిజంగా ఎవత్తయినా ఉన్నా బాగుండేదయ్యా! దాని దగ్గరికెళ్తే కనీసం ఎముకలు విరక్కుండా ఇంటికొచ్చేవాడివి!"

ముని మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. అది చూసి వదిన లోపలికెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ కుళాయి దగ్గర మిగిలారు. డాక్టరమ్మ డబ్బా ముందుకు జరిపింది.

"దీన్ని నువ్వే అతికించు అన్నయ్యా. నీకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు."

"చెయ్యను."

"కోపమా?"

"కోపం కాదు. ఇప్పుడతికిస్తే నువ్వనుకున్నదే నిజమవుతుంది." తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. "అడగొచ్చుగా. అబద్ధమాడాననే అనుకో, గట్టిగా అడిగితే చెప్పేవాణ్ణి. నీ దగ్గర ఎప్పుడు దాచాను?"

ఇప్పుడేగా దాచావు అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసి డబ్బాకు మూత పెట్టింది.

మ్యూజియం ఆవిడ వచ్చిన రోజు మునిని రమ్మంటే పనుందన్నాడు. ఆవిడ వయసులో చిన్నదే, మాట మాత్రం కరుకు. బీరువా అంతా చూసి, ముడిపడిన అమ్మోనైట్‌ను చూసి ఆనందపడి, చివరికి డబ్బా దగ్గరికొచ్చింది. మూడు ముక్కల్నీ చాలాసేపు చూసింది.

"ఎవరు కోశారు?"

"నేనే."

"తప్పు పని చేశారు."

డాక్టరమ్మ తలూపింది. ఆవిడ మళ్ళీ ముక్కల్ని పక్కపక్కన పెట్టి, గాటులోనూ విరిగిన మొహాల్లోనూ ఆ సన్నటి నాళాన్ని భూతద్దంతో వెంబడించింది. దెబ్బ తిని కోలుకున్నవి అక్కడక్కడా దొరుకుతాయనీ, ఇంత పెద్ద దెబ్బ తిన్న కొక్కెం రకాన్ని తను చూడలేదనీ చెప్పింది. "ఒక మాట చెప్పనా, ఇది కోయకుండా ఉంటే నేనూ నకిలీ అనే పక్కన పెట్టేదాన్ని. అలాగని..." అంటూ ఆగి, మిగతాది చెప్పకుండా, దొరికిన చోటు అడిగింది.

డాక్టరమ్మ సొరంగం పైన చరియ అని చెప్పింది. దొరికినవారి పేరు అడిగితే ముని అసలు పేరు చెప్పింది. ఆ పేరు పలికి ఎన్నేళ్ళయిందో, నాలుక మీద వేరే మనిషి పేరులా ఉంది. ఆవిడ ముక్కల్ని ముక్కలుగానే తీసుకెళ్ళింది.

రాత్రి భోజనాల దగ్గర భర్త అంతా విని, "అబద్ధమాడాడని నేను కనిపెట్టిన మాటయితే నిజమేగా" అన్నాడు.

"నిజమే" అంది ఆమె. "ఏ అబద్ధమో మాత్రం ఇద్దరం కనిపెట్టలేకపోయాం. ఇకమీదట మా అన్న మాట్లాడుతుంటే మీరు రాసుకోవద్దు." అతను చాలా రోజులు ఆ ఊసెత్తలేదు.

ముని రావడం మానలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఆదివారాలు వచ్చేవాడు, టీ తాగేవాడు, బావగారితో క్రికెట్ చూసేవాడు. వెనక గదిలోకి మాత్రం వచ్చేవాడు కాదు.

వానలు వెళ్ళి నేల బాగా ఆరాక ఒకరోజు వదినే ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, ఈయన కిటికీలోంచి ఆ కొండవైపు చూడ్డం నేను చూడలేకపోతున్నాను. చూడనన్న మాటకి విలువేం మిగిలింది? వెళ్తే నేను కూడా వస్తాను. నువ్వు కూడా రా. తాడు కొన్నాను."

ముగ్గురూ వెళ్ళారు. వదిన తాడు ఒక కొస మొగుడి నడుముకు కట్టి, రెండో కొస పైన ఇనుప స్తంభానికి రెండు చుట్లు వేసి పట్టుకుని కూర్చుంది. అతను అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఒకసారి లాగి చూస్తోంది. "ఊపిరాడట్లేదు, కొంచెం వదులు" అని కింద నుంచి ముని. "ఆడకపోతే పైకి రా" అని పైనుంచి ఆవిడ.

డాక్టరమ్మ చరియ పక్కగా, నేల గట్టిగా ఉన్న చోట వెతుకుతోంది. పసుపు ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. చాలాసేపటికి ఒక చుట్టుకున్నది దొరికింది, పద్ధతైనది. పక్కన పెట్టేసింది. తల ఎత్తేసరికి కాస్త దిగువన ముని వంగి దేన్నో తీశాడు. ముందయితే ఏది దొరికినా తను సరిగ్గా చూడనైనా చూడకుండా "ఇదిగో" అని ఆమె చేతిలో పెట్టేవాడు. ఇవాళ దాని మట్టి బొటనవేలితో తుడిచి, వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత జేబులో వేసుకున్నాడు.

"ఏం దొరికింది అన్నయ్యా?"

"చుట్టుకున్నదే" అన్నాడు.

జేబు కాస్త పొడుగ్గా ఉబ్బి ఉంది. ఆమె దాన్ని చూసింది. చూస్తున్నానని తెలిసి కళ్ళు తిప్పుకుంది. చూపించమని అడగలేదు. వంగి మళ్ళీ ఇసుక తవ్వడం మొదలుపెట్టింది.